గీజర్‌ను ఎప్పుడు మార్చాలి? ఏ లోపానికి రిపేరు చాలు, ఏ లోపానికి చాలదు

రంజాన్ మాసం మెల్లగా చలికాలంలోకి వచ్చేస్తోంది. చంద్రుణ్ని బట్టి లెక్కించే ఇస్లామీ క్యాలెండర్‌లో రంజాన్ ఏటా పది, పదకొండు రోజులు ముందుగా వస్తుంది. 2026లో ఫిబ్రవరి మూడో వారానికి చేరిన మాసం 2028లో జనవరి చివరికి వస్తుంది. 2030లోనైతే ఏకంగా రెండుసార్లు, జనవరి మొదట్లో ఒకసారి, డిసెంబరు చివర్లో మరోసారి మొదలవుతుంది. అంటే సెహరీకి లేచే వేళ, ఫజర్ వజూకు వేడినీళ్ల అవసరం రాబోయే కొన్నేళ్లు పెరిగేదే గానీ తగ్గేది కాదు. ఇంట్లో పెద్దవాళ్లు, పసిపిల్లలు ఉంటే చెప్పనక్కర్లేదు.

సరిగ్గా అప్పుడే గీజర్ మొరాయిస్తుంది. మార్చి నుంచి అక్టోబరు దాకా దాని మొహం ఎవరూ చూడరు కాబట్టి. నవంబరులో స్విచ్ వేస్తే లైటు వెలుగుతుంది కానీ నీళ్లు కాగవు. లేదంటే కింద చుక్కచుక్కగా కారుతుంది. మెకానిక్‌ను పిలిస్తే ఒకరు "చిన్న పని, అరగంటలో చేసేస్తా" అంటారు, ఇంకొకరు "ఇది అయిపోయింది భయ్యా, కొత్తది తెచ్చుకోండి" అంటారు. రెండు మాటల్లో ఏది నిజమో తేల్చుకోవడం అనుకున్నంత కష్టం కాదు. పాడైంది ట్యాంకా, దానికి తగిలించిన సామానా అన్నది తెలిస్తే సగం జవాబు దొరికినట్టే.

గీజర్ అంటే ట్యాంకే

నీళ్లు నిల్వ ఉంచి కాచే గీజర్ లోపల నీళ్లు పట్టే ట్యాంకు, దాని చుట్టూ వేడి పోకుండా నురగలాంటి ఫోమ్, పైన కనబడే రేకు లేదా ప్లాస్టిక్ బాడీ ఉంటాయి. ట్యాంకుకు తగిలించిన వస్తువులు వేరు. నీళ్లు కాచే ఎలిమెంట్, వేడి చాలినప్పుడు ఆపే థర్మోస్టాట్, అది పనిచేయకపోతే కరెంటు తెంపే థర్మల్ కటౌట్, ఒత్తిడి పెరిగితే నీళ్లు వదిలే వాల్వ్, రబ్బరు గాస్కెట్, ఆనోడ్ రాడ్. వీటిలో ఏది పోయినా విప్పి కొత్తది వేయొచ్చు. ట్యాంకు పోతే మాత్రం గీజర్ పోయినట్టే. తుప్పు తిన్న ట్యాంకుకు వెల్డింగ్ పెట్టించినా ఆ వేడికి లోపలి పూత పగిలిపోతుంది, పక్కనే ఇంకో చిల్లు పడుతుంది. ఎంసీల్ పూయించడం గురించి చెప్పకపోవడమే మంచిది.

ఇప్పుడు మార్కెట్లో దొరికే ట్యాంకులు ఎక్కువగా మూడు రకాలు. ఇనుముకు లోపల గాజు పూత పూసినవి, పాలిమర్ పూత పూసినవి, స్టెయిన్‌లెస్ స్టీలువి. పాత మోడళ్లలో రాగి ట్యాంకులు ఉండేవి. గాజు పూత బాగా పనిచేస్తుంది కానీ అందులో కంటికి కనబడని సూది రంధ్రాలు ఉండకుండా ఉండవు. అక్కడ నీళ్లు ఇనుమును తినకుండా కాపాడటానికే మెగ్నీషియం ఆనోడ్ రాడ్ పెడతారు. మెగ్నీషియం ఇనుముకంటే తొందరగా కరిగే లోహం. నీళ్లు ముందు దాన్ని తింటాయి, ఇనుము జోలికి రావు. రాడ్ పూర్తిగా అరిగిపోయిన రోజు నుంచి వంతు ట్యాంకుది.

ఇంత ముఖ్యమైన వస్తువు ఇంట్లో ఉందన్న సంగతే చాలామందికి తెలియదు. ఏడాదికో రెండేళ్లకో ఒకసారి విప్పి చూడాలి. రాడ్ సన్నబడి మధ్యలో తీగ బయటపడితే మార్చేయాలి. సర్వీసింగ్‌కు వచ్చినవాళ్లు పైపైన తుడిచి వెళ్లిపోతుంటే "ఆనోడ్ చూపించండి" అని అడిగితే చాలు, పని తెలిసినవారో కాదో అక్కడే తేలిపోతుంది.

పాత ఇళ్లలో రాగి హమామ్‌లు తరాల తరబడి నడిచాయని పెద్దవాళ్లు గుర్తు చేస్తుంటారు. నిజమే. కట్టెల పొయ్యి మీద నడిచే హమామ్‌కు పైనుంచి నీటి ఒత్తిడి లేదు, కరెంటు లేదు, రాగికి ఇనుములా తుప్పు పట్టదు. దానితో ఇప్పటి గీజర్‌ను పోల్చడం న్యాయం కాదు.

నల్లా నీళ్లు వేరు, బోరు నీళ్లు వేరు

గీజర్ ఎన్నేళ్లు నడుస్తుందన్నది కంపెనీ కన్నా నీళ్లను బట్టే ఎక్కువగా ఉంటుంది. హైదరాబాద్‌కు కృష్ణా, గోదావరి, మంజీరా నుంచి నల్లా నీళ్లు వస్తాయి. అవి బోరు నీళ్ల కన్నా మెత్తన. కానీ చాలా అపార్ట్‌మెంట్లలో, శివారు కాలనీల్లో స్నానానికి, వాడకానికి వచ్చేది బోరు నీళ్లే. భారతీయ ప్రమాణాల ప్రకారం తాగునీటిలో కాఠిన్యం లీటరుకు 200 మిల్లీగ్రాములు దాటకూడదు, వేరే దారి లేకపోతే 600 దాకా ఒప్పుకుంటారు. బకెట్ అంచుకు, షవర్ రంధ్రాలకు తెల్లగా పొర కడుతోందంటే అదే పొర గీజర్ లోపల ఇంకా మందంగా కడుతోందన్నమాట. వేడికి నీటిలోని కాల్షియం సున్నంగా మారి ఎలిమెంట్‌కు పట్టుకుంటుంది.

సున్నం పట్టిందనడానికి గుర్తు చప్పుడు. నీళ్లు కాగుతున్నప్పుడు గీజర్ లోపల టపటపమని, కుతకుతమని శబ్దం వస్తుంది. ఇది గీజర్ మార్చాల్సిన లోపం కాదు. ఎలిమెంట్ విప్పి, ట్యాంకు అడుగున పేరుకున్న సున్నపు పెచ్చులు తీసి కడిగితే సరిపోతుంది. గట్టి నీళ్లున్న ఇళ్లలో ఏడాదికోసారి, చలికాలం మొదలవకముందే చేయించుకోవాలి. సున్నం పట్టిన గీజర్ కరెంటును రెట్టింపు తాగేస్తుందని కొందరు భయపెడతారు. ఆ మాటలో అతిశయం ఉంది. ఎలిమెంట్ నీళ్లలోనే మునిగి ఉంటుంది కాబట్టి దాని వేడి చివరికి నీళ్లకే చేరుతుంది. అసలు నష్టం ఏమిటంటే, పొర కింద వేడి ఇరుక్కుని ఎలిమెంట్ కాలిపోతుంది, ట్యాంకులో నీళ్లు పట్టే చోటు తగ్గుతుంది, థర్మోస్టాట్‌కు సరైన వేడి తెలియదు.

మంచినీళ్ల మీద గీజర్ 8 నుంచి 12 ఏళ్లు నడవడం మామూలే. గట్టి బోరు నీళ్ల మీద పట్టించుకోకుండా వదిలేస్తే నాలుగైదేళ్లకే చేతులెత్తేసేవి ఉన్నాయి. కాబట్టి "ఇన్నేళ్లయింది కదా" అని మార్చడం, "నిన్నగాక మొన్న కొన్నాం కదా" అని ఊరుకోవడం రెండూ సరైన లెక్కలు కావు. ఉప్పదనం బాగా ఎక్కువున్న నీళ్లకు స్టెయిన్‌లెస్ స్టీలు ట్యాంకు కూడా అతుకుల దగ్గర లొంగిపోతుంది. తీర ప్రాంతాల్లో ఉన్నవాళ్లు కొనేటప్పుడు ఈ సంగతి చూసుకోవాలి.

ఎక్కడి నుంచి కారుతోంది?

నీళ్లు కారడం చూడగానే కంగారు పడి కొత్తది కొనేసేవారు చాలామంది. ముందు స్విచ్ ఆపి, పొడి గుడ్డతో మొత్తం తుడిచి, ఎక్కడ తడి మొదలవుతుందో చూడాలి.

వాల్వ్ నుంచి, అదీ నీళ్లు కాగుతున్నప్పుడు మాత్రమే, కొద్దిగా కారుతుంటే అది లోపం కాదు. నీళ్లు వేడెక్కితే వ్యాకోచిస్తాయి. 20 డిగ్రీల నుంచి 60 డిగ్రీలకు వచ్చేసరికి దాదాపు ఒకటిన్నర శాతం పెరుగుతాయి. 25 లీటర్ల గీజర్‌లో అది మూడు, నాలుగు ఇరానీ చాయ్ కప్పులంత. ఆ నీళ్లు ఎక్కడికో ఒకచోటికి పోవాలి, వాల్వ్ వదులుతుంది. రోజంతా ఆగకుండా కారుతుంటేనే వాల్వ్ మార్చాలి, లేదా పైనుంచి వచ్చే ఒత్తిడి ఎక్కువైందేమో చూడాలి. ట్యాంకు ఎంత ఎత్తులో ఉంటే ఒత్తిడి అంత. ప్రతి 10 మీటర్లకు ఒక బార్ లెక్క. అపార్ట్‌మెంట్లలో ప్రెషర్ పంపు కూడా పెట్టించి ఉంటే గీజర్ రేటింగ్ దానికి సరిపోతుందో లేదో ప్లేటు మీద చదవాలి.

పైపు కీళ్ల దగ్గర కారితే కనెక్షన్ పైపు, వాషర్ మార్చితే పోతుంది. ఎలిమెంట్ బిగించిన పళ్లెం చుట్టూ కారితే గాస్కెట్ సమస్య. ఇవన్నీ చిన్న పనులే.

ఇవేవీ కాకుండా బయటి బాడీ అడుగున ఉన్న అతుకు నుంచి, లేదా వైర్లు వెళ్లే కన్నం నుంచి ఎర్రటి, గోధుమ రంగు నీళ్లు ఊరుతుంటే ట్యాంకుకు చిల్లు పడ్డట్టే. లోపల ఫోమ్ అంతా తడిసిపోయి ఉంటుంది, వైర్లు కూడా తడుస్తాయి. అలాంటి గీజర్‌ను "ఈ చలికాలం గడిపేద్దాం" అనుకోకూడదు. ఆ రోజే ఎంసీబీ ఆపి, నీళ్ల వాల్వ్ కట్టేసి దించేయాలి. బయటి రేకు చేయి పెడితే వెచ్చగా తగులుతోందంటే కూడా ఫోమ్ పనికి రాకుండా పోయిందని అర్థం. అది బాగుచేసేది కాదు.

వేడినీళ్లు ఎర్రగా వస్తే ముందు పక్కనున్న చల్లనీళ్ల నల్లా తిప్పాలి. అందులోనూ ఎర్రగానే ఉంటే తప్పు సంపుదో పాత ఇనుప పైపులదో. వేడినీళ్లు మాత్రమే ఎర్రబడితే లోపల తుప్పు మొదలైంది. ఆనోడ్ వెంటనే మార్చి, ట్యాంకు కడిగి, రెండు వారాలు చూడొచ్చు. తర్వాతా ఎరుపు ఆగకపోతే చిల్లు పడటానికి ఎక్కువ సమయం లేదని లెక్క.

కుళ్లిన గుడ్ల వాసన వస్తే మాత్రం భయపడి మార్చేయక్కర్లేదు. నెలల తరబడి వాడకుండా నీళ్లు నిలవ ఉన్న ట్యాంకులో ఒక రకం బాక్టీరియా పెరిగి ఆ వాసన పుట్టిస్తుంది. నీళ్లు మొత్తం వదిలేసి, మళ్లీ నింపి పూర్తి వేడిలో కాచి, వాటిని కూడా వదిలేస్తే చాలా వరకు పోతుంది. ఎండాకాలం రాగానే గీజర్ ఖాళీ చేయించి పెట్టుకుంటే ఈ బాధే ఉండదు. గల్ఫ్‌లో ఉండి వచ్చినవాళ్లకు తెలుసు, అక్కడ ఎండాకాలంలో డాబా మీద ట్యాంకు నీళ్లే మరిగినట్టు వస్తాయి, అందుకని హీటర్ ఆపేసి దాని ట్యాంకులో నీళ్లనే చల్లనీళ్లుగా వాడుకుంటారు. ఇక్కడ ఆ అవసరం లేదు.

గడియారం పెట్టి చూస్తే తెలిసిపోతుంది

నీళ్లు సరిగ్గా కాగట్లేదన్న ఫిర్యాదుకు సులువైన పరీక్ష ఒకటుంది. 2 కిలోవాట్ల ఎలిమెంట్ ఉన్న 15 లీటర్ల గీజర్ నీటిని 20 డిగ్రీల నుంచి 60 డిగ్రీలకు తేవడానికి సుమారు 21 నిమిషాలు తీసుకుంటుంది. ఖర్చయ్యే కరెంటు 0.7 యూనిట్. అదే 25 లీటర్లదైతే సుమారు 35 నిమిషాలు, 1.16 యూనిట్లు. లైటు ఆరిపోయేదాకా ఎంతసేపు పట్టిందో చూసుకోవాలి. నాలుగైదు నిమిషాలు అటూ ఇటూ అయితే ఏం కాదు. వోల్టేజి 230 బదులు 200 ఉంటే అదే పనికి 28 నిమిషాలు పడుతుంది కాబట్టి చలికాలం పొద్దున అందరూ గీజర్లు వేసే సమయంలో కొంత ఆలస్యం సహజం. గంట గడిచినా లైటు ఆరకపోతే ఎలిమెంట్ లేదా థర్మోస్టాట్ చూపించాలి. ఐదు నిమిషాలకే ఆరిపోయి నీళ్లు గోరువెచ్చగా ఉంటే థర్మోస్టాట్ అబద్ధం చెబుతోందని అర్థం.

నీళ్లు బాగానే కాగుతున్నాయి, ఇద్దరు స్నానం చేసేసరికి అయిపోతున్నాయి అంటే అది పాడవడం కాదు, చిన్నదవడం. పిల్లలు పెరిగారు, కోడలు వచ్చింది, గీజర్ మాత్రం పదేళ్ల కిందటి 10 లీటర్లదే. అలాంటప్పుడు ఎంత రిపేరు చేయించినా లాభం లేదు.

నల్లా పట్టుకుంటే జిల్లుమంటే

గీజర్ వేసినప్పుడు నల్లా ముట్టుకుంటే చిన్నగా జిల్లుమనడాన్ని చాలా ఇళ్లలో "కొంచెం షాక్ కొడుతుంది, చెప్పులేసుకో" అని సర్దుకుపోతారు. ఇది సర్దుకుపోయే విషయం కానే కాదు. ఎలిమెంట్ పైతొడుగు పగిలి కరెంటు నీళ్లలోకి వస్తోంది, దాన్ని నేలలోకి పంపాల్సిన ఎర్తింగ్ లేదు లేదా పనిచేయడం లేదు. రెండు లోపాలు కలిసినప్పుడే మనిషికి షాక్ తగులుతుంది. తడి ఒళ్లు, తడి నేల. ప్రాణం పోవడానికి క్షణం చాలు.

ఇక్కడ చాలామంది పొరపాటు పడేది, కొత్త గీజర్ తెచ్చి పాత సాకెట్‌కే పెట్టడం. ఎలిమెంట్ మార్చితే ఈ రోజు షాక్ ఆగుతుంది, ఎర్తింగ్ లేకపోతే మూడేళ్లకు కొత్త ఎలిమెంట్ పగిలిన రోజు మళ్లీ అదే కథ. పాత కట్టడాల్లో మూడు పిన్నుల సాకెట్ ఉంటుంది కానీ మూడో కన్నానికి వైరే ఉండదు. కొందరు ఆ కన్నాన్ని న్యూట్రల్‌కు కలిపేస్తారు. ఇది ఎర్తింగ్ లేకపోవడం కన్నా ప్రమాదం, ఎందుకంటే న్యూట్రల్ ఎక్కడైనా తెగితే గీజర్ బాడీ అంతా కరెంటే. గీజర్ మీద పెట్టే డబ్బులో కొంత తీసి ముందు ఎర్తింగ్ గుంత, 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ పెట్టించుకోవడం మంచిది. ఆర్‌సీసీబీ పదేపదే పడిపోతుంటే దాన్ని తీసేయమని కాదు, ఎలిమెంట్ చూడమని అర్థం.

ప్లగ్గు నల్లబడటం, కాలిన వాసన రావడం ఎక్కువసార్లు గీజర్ తప్పు కాదు. 2 కిలోవాట్ల గీజర్ దాదాపు 9 ఆంపియర్లు, 3 కిలోవాట్ల ఇన్‌స్టంట్ గీజర్ 13 ఆంపియర్లు లాగుతుంది. దానికి 16 ఆంపియర్ల సాకెట్, మంచి రాగి వైరు ఉండాలి. ఎక్స్‌టెన్షన్ బోర్డు మీద నడిపించే ఇన్‌స్టంట్ గీజర్లు చూస్తే అగ్గిపెట్టె పక్కన కిరోసిన్ పెట్టినట్టే ఉంటుంది.

"డైరెక్ట్ చేసేశా, ఇక ప్రాబ్లం రాదు" అనే మాట వినబడితే జాగ్రత్త పడాలి. థర్మల్ కటౌట్ తరచూ పడిపోతుంటే కారణం వెతక్కుండా దాన్ని తప్పించి వైరు నేరుగా కలిపేయడాన్నే డైరెక్ట్ చేయడం అంటారు. అలాగే వాల్వ్ కారుతోందని దాని నోటికి డమ్మీ బిగించేవారూ ఉన్నారు. గీజర్ పేలకుండా ఉండటానికి ఉన్నవి మూడే మూడు కాపలాలు. థర్మోస్టాట్, కటౌట్, వాల్వ్. రెండింటిని తీసేశాక మూడోది ఇరుక్కుపోయిన రోజు నీళ్లు మరిగి ఆవిరికి దారి ఉండదు. ఎవరో ఇలా డైరెక్ట్ చేసి పెట్టిన పాత గీజర్, ముఖ్యంగా ట్యాంకు వారంటీ ఎప్పుడో దాటిపోయినది ఇంట్లో ఉంటే, దానికి మళ్లీ ఖర్చు పెట్టడం కన్నా మార్చేయడమే నయం.

గ్యాస్ గీజర్‌కు వయసు లెక్క వర్తించదు

ఇంతవరకు చెప్పిందంతా కరెంటు గీజర్ల గురించి. బాత్‌రూం లోపల బిగించిన గ్యాస్ గీజర్ కొత్తదైనా, నీలం మంటతో చక్కగా వెలుగుతున్నా, దాన్ని అక్కడి నుంచి తీసేయాలి.

కారణం లెక్క వేసి చూస్తే అర్థమవుతుంది. ఒక కిలో వంటగ్యాస్ పూర్తిగా మండాలంటే సుమారు 13 ఘనపు మీటర్ల గాలి కావాలి. నాలుగడుగుల వెడల్పు, ఆరడుగుల పొడవు, ఎనిమిదడుగుల ఎత్తున్న బాత్‌రూంలో మొత్తం గాలి ఐదున్నర ఘనపు మీటర్లు. చలి అని తలుపు బిగించి, వెంటిలేటర్‌కు అట్టముక్క పెట్టి స్నానం చేస్తుంటే ఆక్సిజన్ తగ్గిపోతుంది. చాలినంత ఆక్సిజన్ దొరకని మంట కార్బన్ మోనాక్సైడ్ వదులుతుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. రక్తంలోని హిమోగ్లోబిన్‌ను ఆక్సిజన్ కన్నా 200 రెట్లకు పైగా బలంగా పట్టుకుంటుంది. తల తిరగడం, తలనొప్పి, వాంతి వచ్చినట్టు అనిపించడం, అంతలోనే స్పృహ పోవడం. లోపల గడియ వేసుకున్న మనిషి తలుపు తీసే ఓపిక లేక అక్కడే పడిపోతాడు. బయట ఇంట్లోవాళ్లు స్నానం ఆలస్యమవుతోందని అనుకుంటారు. ప్రతి చలికాలం దేశంలో ఎక్కడో ఒకచోట ఇలాంటి వార్త వస్తూనే ఉంటుంది.

ఎగ్జాస్ట్ ఫ్యాన్ ఉంది కదా అనే ధీమా చాలదు. గ్యాస్ గీజర్ వాడాల్సిందే అయితే బాల్కనీలోనో బయటి గోడకో, గాలి ఆడే చోట పెట్టి, పైపు ద్వారా నీళ్లు మాత్రమే లోపలికి తేవాలి. కిరాయి ఇళ్లలో ఓనర్ ఒప్పుకోకపోతే, బయటే బకెట్లు నింపుకుని, గీజర్ ఆపాకే లోపలికి వెళ్లాలి. ఎవరైనా పడిపోతే తలుపు పగలగొట్టి, గ్యాస్ కట్టేసి, మనిషిని బయటి గాలికి మోసుకొచ్చి 108కు ఫోన్ చేయాలి. వయసు, మసి, పసుపు మంట ఇవన్నీ తర్వాతి మాటలు.

డబ్బుల లెక్క

రిపేరు ఖర్చు కొత్త గీజర్ ధరలో సగం దాటితే కొత్తది కొనాలని ఒక మాట వాడుకలో ఉంది. ఇంతకన్నా మంచి పద్ధతి, ఏడాదికి ఎంత పడుతోందో చూడటం. కొత్తది బిగింపుతో కలిపి 8,000 రూపాయలు, ఎనిమిదేళ్లు నడుస్తుంది అనుకుందాం. ఏడాదికి వెయ్యి. ఏడేళ్ల పాతదానికి 2,000 రిపేరు చెప్పారు. అది ఇంకో రెండేళ్లు నడిస్తే సరికి సరి, మూడేళ్లు నడిస్తే లాభం, ఒక్క చలికాలానికే మళ్లీ పోతే నష్టం. కాబట్టి మెకానిక్‌ను అడగాల్సింది "ఎంతవుతుంది" అని మాత్రమే కాదు, ట్యాంకు, ఆనోడ్ ఎలా ఉన్నాయి అని. ట్యాంకు బాగుంటే ఎలిమెంట్ మార్చడం ఎప్పుడూ దండగ కాదు. తుప్పు కనిపిస్తే చవక రిపేరు కూడా దండగే.

వారంటీ కార్డు ఒకసారి బయటికి తీయడం మర్చిపోవద్దు. చాలా కంపెనీలు గీజర్ మొత్తానికి రెండేళ్లే ఇచ్చినా ట్యాంకుకు విడిగా 5 నుంచి 7 ఏళ్ల దాకా ఇస్తాయి. ఐదో ఏట ట్యాంకు కారుతుంటే కొత్తది కొనేముందు కంపెనీకి ఫిర్యాదు చేయాలి. వాళ్లు పట్టించుకోకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ నంబరు 1915.

తెలంగాణలో ఇంకో లెక్క కూడా ఉంది. 2024లో మొదలైన గృహజ్యోతి కింద అర్హులైన ఇళ్లకు నెలకు 200 యూనిట్ల లోపు వాడితే జీరో బిల్లు. దాటితే ఆ నెల బిల్లు కట్టాల్సిందే. ఐదుగురు ఉన్న ఇంట్లో ఒక్కొక్కరు రోజుకు అర బకెట్, అంటే 10 లీటర్ల కాగిన నీళ్లు తీసుకుంటే రోజుకు 2.3 యూనిట్లు, నెలకు 70 యూనిట్లు. మామూలుగా 140 యూనిట్లు కాలే ఇల్లు దీంతో 210కి చేరుతుంది. థర్మోస్టాట్ ఇరుక్కుని రోజంతా మండే గీజరైతే ఇంకా ఎక్కువ. పది యూనిట్ల కోసం మొత్తం బిల్లు నెత్తిన పడే ఇళ్లలో థర్మోస్టాట్ ఈ నెలే మార్చించడం లాభం.

స్టార్ రేటింగ్ గురించి చాలామందికి ఉన్న అభిప్రాయం వేరు. నీళ్లు కాచడానికి అయ్యే కరెంటు ఒక స్టార్‌కైనా ఐదు స్టార్లకైనా ఒకటే. కాచిన నీళ్లు అలాగే ఉంచితే ఎంత వేడి పోతుందన్నదే స్టార్లు చెబుతాయి. పొద్దున అరగంట వేసి, అందరూ స్నానం చేసి ఆపేసే ఇంటికి స్టార్లతో పెద్ద తేడా రాదు. ఉమ్మడి కుటుంబంలో పగలంతా ఆన్‌లో ఉండే గీజర్‌కు మాత్రం ఐదు స్టార్లదే కొనాలి.

మసీదుల వజూఖానాల సంగతి కొంచెం వేరు. వజూకు 60 డిగ్రీల నీళ్లు అక్కర్లేదు, గోరువెచ్చగా చాలు. 60 డిగ్రీల నీళ్లు 100 లీటర్లు, 20 డిగ్రీల నీళ్లు 100 లీటర్లు కలిపితే 40 డిగ్రీల నీళ్లు 200 లీటర్లు వస్తాయి. ఒక్కొక్కరికి నాలుగు లీటర్లు అనుకున్నా 50 మందికి సరిపోతుంది. కొత్తది కొనే కమిటీలు ఈ లెక్క వేసుకుంటే అవసరానికి మించిన సైజు కొనరు. ఇప్పటికే సోలార్ ఉన్నచోట గాజు గొట్టాల కింది కొన చూడాలి. అక్కడ వెండిలా మెరిసే మచ్చ తెల్లగా మారిపోతే ఆ గొట్టంలో వాక్యూమ్ పోయింది. ఆ ఒక్క గొట్టం మారిస్తే చాలు, సిస్టం అంతా మార్చక్కర్లేదు.

కొత్తది బిగించేటప్పుడు

ఐఎస్ఐ గుర్తు లేనిది ఎంత చవకగా వచ్చినా వద్దు. గుర్తు కింద సీఎంఎల్‌తో మొదలయ్యే లైసెన్స్ నంబరు ఉంటుంది. బీఐఎస్ కేర్ యాప్‌లో ఆ నంబరు కొడితే అది అసలుదో నకిలీదో చెప్పేస్తుంది. పాత బ్రాకెట్ మేకులకే కొత్త గీజర్ తగిలించకూడదు. 25 లీటర్ల గీజర్ నిండితే నీళ్ల బరువే 25 కిలోలు, తుప్పు పట్టిన బోల్టు దాన్ని మోయలేదు. ముందు నీళ్లు నింపి, వేడినీళ్ల నల్లా నుంచి ధార ఆగకుండా వచ్చాకే స్విచ్ వేయాలి. ఖాళీ ట్యాంకుకు కరెంటు ఇస్తే కొత్త ఎలిమెంట్ నిమిషాల్లో కాలిపోతుంది, దానికి వారంటీ కూడా ఇవ్వనంటారు. పెద్దవాళ్లు, పిల్లలు ఉన్న ఇంట్లో ముందు చల్లనీళ్లు పట్టి ఆ తర్వాత వేడినీళ్లు కలపడం అలవాటు చేయాలి. 60 డిగ్రీల నీళ్లు ఐదు సెకన్లలో చర్మాన్ని కాల్చేస్తాయి. కిరాయి ఇల్లయితే గీజర్ కంపెనీ, కొన్న ఏడాది, ఏది పోతే ఎవరు పెట్టుకోవాలన్నది అగ్రిమెంట్‌లోనే రాయించుకుంటే తర్వాత గొడవ ఉండదు.

పాతదాన్ని ఎక్స్ఛేంజ్‌లో ఇచ్చేముందు కబాడీ ధర కూడా అడిగి చూడాలి. ట్యాంకు రాగిదైతే తూకానికి వచ్చే డబ్బు షాపువాళ్లు తగ్గించే దానికన్నా ఎక్కువ కావొచ్చు. ట్యాంకు చిల్లు పడిన గీజర్‌ను మాత్రం వైరు, ప్లగ్గు కోసేసి ఇవ్వాలి. రంగు వేసి సెకండ్ హ్యాండ్‌లో అమ్మేవాళ్ల చేతికి వెళితే అది ఇంకో ఇంటి బాత్‌రూంలో గోడకెక్కుతుంది.